అరుణమ్మ రాగి బిందె

మాటల్లో భిక్షపతిని మించినవాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా లేడు. పనిలో మించనివాడూ లేడు. అలాంటి మనిషి ఆ సాయంత్రం ఒళ్ళో రాగి బిందె పెట్టుకుని, తుర్కయంజాల్ బస్సు కోసం యాదలక్ష్మి చాయ్ బండి దగ్గర కూర్చున్నాడు. "ఈ నల్ల బిందె పాత సామాన్లోడికి ఏసెయ్" అని నోరు జారినందుకు పెళ్ళాం అరుణమ్మ తుర్కయంజాల్లో ఉన్న తన చెల్లెలింటికి పోయి నలభై రోజులైంది. ఆమె తల్లి పెట్టిన బిందె అది. తళతళలాడించి ముందు పెడితే వెంట వస్తుందని ఆశ. తిట్టే గొంతు లేక ఇంట్లో ముద్ద దిగడం లేదతనికి.

"నా చేత్తోనే తోమిన యాదక్కా! పిడికెడు చింతపండు, జరంత ఉప్పు, గంతే. రెండు రుద్దులకే మెరిసింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? కాకి దాంట్ల మొకం జూసుకొని, ఇంకో కాకనుకొని పొద్దుమూకేదాంక కొట్లాడింది!"

"పాపం, ఎవరు గెలిచారండీ?" అన్నాడు పక్కనే చాయ్ తాగుతున్న పట్టాభి, కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే కోస్తా మనిషి.

"నవ్వకు సారూ, ఇను. డాబా మీద బోర్లిస్తే, మెట్రో నడిపేటాయన కండ్లు జిగేల్మని బ్రేకేసిండు. మెట్రోదేముంది, శంషాబాద్ పొయ్యే ఇమానం రన్‌వే అనుకొని మా గల్లీల దిగనీకొచ్చింది! నేనే బొంత గప్పి ఎల్లగొట్టిన. ఆఖరికి సూర్యుడే దిగొచ్చి, 'భిక్షపతీ, జర దాన్ని లోపల పెట్టు, నన్నెవ్వరు జూస్తలేరు' అని బతిలాడిండు. 'మా అరుణమ్మ జూసినంకనే పెడత' అన్న."

ఆ చివరి మాట అని బిందెను ఒళ్ళోకి ఇంకాస్త లాక్కున్నాడు. చేతిలో చాయ్ చల్లారుతోంది.

యాదలక్ష్మి చెంగుతో చేతులు తుడుచుకుని బిందె అందుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది, అడుగు కూడా చూసింది.

"అన్నా, వదిన పేరేది?"

"ఏం పేరు?"

"తల్లిగారు బిందె మీద పేరు కొట్టియ్యకుండ పంపుతరా? చుక్కలు చుక్కలుగ ఉంటది. చింతపండుతోని చుక్కలు పోవు. పాలిష్ మిషిన్ పట్టించినవ్. అవునా, కాదా?"

సూర్యుడి చేత బతిలాడించుకున్నవాడు తల దించుకున్నాడు. "చేతులు నొచ్చినయక్కా. మచ్చ లేకుండ గట్టిగ పట్టమన్న."

బస్సు వచ్చింది. అతను లేవలేదు.

"మళ్ళ కొట్టిస్త" అన్నాడు చివరికి.

"ఏడ కొట్టిస్తవ్? మెడ మీదనా, కడుపు మీదనా? ఏడుండెనో యాదికున్నదా?"

భిక్షపతి బిందె చుట్టూ వేలితో తడుముతూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్ళు అరుణమ్మ దాన్ని చంకన పెట్టుకుని నీళ్ళు మోసింది. ఒక్కనాడైనా అందుకుని దించి ఉంటే తెలిసేది.