వాలుగకి సాక్షి

హలో… ఆ, నేనేనండీ సాంబశివరావు గారూ, ఫిలిప్‌ని. మూడుసార్లు చేశాను, ఎత్తరేంటి?

పులిగడ్డ వంతెన కింద… మోకాలి లోతు నీళ్లల్లో నిలబడున్నా. కొత్తనీటికి వాలుగ చేప పడిందండీ. మూడడుగులుంటుంది. పొట్టనిండా గుడ్లే.

ఆ ఆ, గుడ్లున్న చేపని వదిలేయాలి, తెలుసు. సొసైటీ కార్యదర్శి కళ్లారా చూశాకే వదలాలని మీరేగా రాసింది… రండి మరి, చూడండి.

…పామర్రులోనా? ఇంకా బస్సే ఎక్కలేదా! అయ్యో దేవా…

ఫొటోనా? నాది బటన్ల ఫోనండీ.

సాక్షా? ఇంత ఎండలో ఇక్కడెవరుంటారు?… ఓ కొంగ ఉంది. సంతకం పెడుతుందేమో అడగనా?

అన్నాను. మీటింగ్‌లో అరిచి మరీ అన్నాను. వల్లో పడ్డది వదిలినా బతకదు, ఈ రూలు దండగని… కానీ ఇది వలకి చావట్లేదండీ, మీకోసం కాచుకుని చస్తోంది!

వలా… కోసేశాను. దారాలు దాని మొప్పల్లోకి దిగిపోతే ఏం చేయను? మా ఎస్తేరు నెల్లాళ్లు కూర్చుని కట్టింది. నన్ను ఇంట్లోకి రానిస్తుందో లేదో…

…అదేంటండీ? మీరు చూడకుండా వదిలితే అమ్ముకున్నట్టేనా? సీజనంతా పడవ దింపనివ్వరా? మరి మేమేం తినాలి?

…ఎవరూ నమ్మరా? నన్నా? ఎందుకని?… అరిచినోడల్లా దొంగేనా సార్?

గంటన్నరా! లేదండీ, ఆగదు. ఇందాక తోక కొట్టింది, ఇప్పుడు కొట్టట్లేదు. నోరు తెరుస్తోంది… భయమేస్తోందండీ. పాతికేళ్లుగా పడుతున్నా, చేపని చూసి భయపడ్డం ఇదే మొదలు.

ఆగమంటారు… ఊఁ… ఆగమంటారు…

ఆగలేనండీ.

పడవ అంచున పెడుతున్నా ఫోను. కట్ చేయకండి. తలని ఎదురునీటికి పెట్టి, ఊపిరందేదాకా పట్టుకోవాలి. రెండు చేతులూ కావాలి. వింటూ ఉండండి, తోక కొడితే మీకూ వినపడుతుంది. అదే సాక్ష్యం అనుకోండి…

రామ్మా… తియ్, ఊపిరి తియ్… ఊఁ… ఇంకొంచెం… నా తల్లి కదూ…

ఆఁ — ఆఁ — వెళ్లిపోయింది! బతికిందండీ, నేను చెప్పింది తప్పు! నన్ను నిలువునా తడిపేసి మరీ వెళ్లింది! విన్నారా సార్?

సాంబశివరావు గారూ?…

హలో?… హలో?…

కట్ చేసేశాడు.

…ఏయ్ కొంగా. నువ్వు చూశావుగా?