గిలక్కాయ మీద పంటిగాట్లు

మ్యూజియం వెనుక గదిలో, కొత్తగా పనిలో చేరిన అమ్మాయి పెద్దావిడ పక్కన కూర్చుని పాతకాలపు గిలక్కాయ తుడుస్తోంది. కాయ వెండిది, పిడి ఏనుగు దంతానిది.

"మేడమ్, పిడి చివర గాట్లున్నాయి. రుద్ది పోగొట్టనా?"

"అయ్యో, వాటి జోలికెళ్లకు తల్లీ! ఏనాటి పసిబిడ్డో కొరికిన గుర్తులవి. అవి ఉన్నాయనే దీన్ని ఇంత భద్రంగా దాచాం."

అమ్మాయి చెయ్యి ఆగిపోయింది.

"ఒక్కసారి గ్లౌజులు తీసి తడిమి చూడనా?"

"వద్దమ్మా, చెమట పీల్చుకుని దంతం మరక పడుతుంది. ఏం, అంత ముచ్చటేమిటి?"

"మా పాపకి పళ్లొచ్చాయట. ఊళ్లో దాన్ని పెంచుతున్న మా అమ్మ ఫోన్లో చెప్పింది."

"పిచ్చిపిల్లా! ఆదివారం ఊరెళ్లి దాని నోట్లో వేలు పెట్టి చూసుకో. అక్కడ గ్లౌజులెందుకు?"

"పోయినసారి ఎత్తుకున్నాను మేడమ్. ఎవరో కొత్త మనిషి అనుకుని గుక్కపట్టి ఏడ్చింది."

అమ్మాయి గ్లౌజులు సర్దుకుని, గాట్లకు తగలకుండా పిడిని మెల్లగా తుడవసాగింది.