నోర్లు తెరిచిన చేపలు

ఖిల్లా ఘణపూర్ దగ్గరి ఒక పల్లె. తెల్లవారుతుండగా కుంట గట్టు మీద ఇద్దరున్నారు: చేపల సంఘం పెద్ద మద్దిలేటి, పశువైద్యం చదువుతూ నిన్న సెలవులకొచ్చిన ఆయన కూతురు వర్ష. వర్ష నీళ్లలో ఏదో మిషను ముంచి కూర్చుంది.

"నీళ్లకు గూడ జ్వరం జూస్తరా బిడ్డా మీ కాలేజీల?"

"జ్వరం కాదు నాయినా, గాలి. నీళ్లల్ల కలిసిన గాలి. చేపలు పీల్చేది గదే."

"బర్రెల డాక్టరు కమ్మంటె కుంటల డాక్టరైతున్నవు. సరే, జూడు. అగో, వచ్చినయ్ నా పిల్లలు."

"ఏం పిల్లలు?"

"చేపలు. రోజూ గీ యాళకు పైకొచ్చి నోర్లు తెరుస్తయి. నన్ను గుర్తువడతయి. ఊరోళ్లు గూడ వచ్చి జూసి పోతుండ్రు."

"తెరిస్తె నువ్వేం జేస్తున్నవ్?"

"ఆకలైతుందని పెడుతున్న. ఇంత తవుడు, ఇంత కోళ్ల ఎరువు. ఇయ్యాల గంప నిండ తెచ్చిన."

"గంప కింద వెట్టు."

"జర వాటికి పెట్టినంక..."

"కింద వెట్టు నాయినా. అవి ఆకలికి తెరుస్తలేవు, ఊపిరాడక తెరుస్తున్నయి. నీళ్లల్ల ఉన్న గాలిని రాత్రంత గీ నాచే తాగేస్తది. మిగిలిందేమన్న ఉంటె ఎరువు కుళ్లి తాగుతది. నువ్వు దాని మీద మళ్ల గంప గుమ్మరిస్తున్నవు."

"నేను నవ్వుతున్నయనుకున్న."

"చేపలు నవ్వుతయా?"

"నవ్వవని మీ పుస్తకంల రాసున్నదా?"

"రేపో ఎల్లుండో అన్నీ తెల్లగ తేలుతయి. అప్పుడు నవ్వుదువు."

"గట్లనకు బిడ్డా. వచ్చే వారం వలలెయ్యాలె. సంఘంల అందరి ఆశ దీని మీదనే. నిన్న నాలుగు చచ్చి తేలితెనే మన సంఘపోడు యేసయ్య లొల్లి వెట్టిండు. ఇయ్యాల సంఘం కూసుంటది. నా పెద్దరికం పీకుతరంట."

"ముందుగాల మోటరు పెట్టియ్యి. నీళ్లు గుంజి, పై నుంచి మళ్ల కుంటలనే దుంకిచ్చు. దుంకితె గాలి కలుస్తది."

"ఆగు, ఫోన్ జేస్త. ఎల్లయ్యా, మోటరు కుంట కాడికి తే. పొలానికి కాదు, కుంటకే. ఎందుకంటె చేపలు నవ్వుతలేవంట. నువ్వు తే, చెప్త."

"ఇంతకు గీ ఎరువు ఎవరెయ్యమన్నరు?"

"ఎవరో డాక్టరు."

"ఏ డాక్టరు?"

"పశువుల డాక్టరే. ఎరువేస్తె నాచు పెరుగుతది, నాచు తిని చేపలు పెరుగుతయన్నరు."

"ఎంత ఎయ్యాల్నో చెప్పలే?"

"చెప్పలే."

"ఎండకాలం నీళ్లు తగ్గితె బంద్ జెయ్యాలని?"

"గా ముచ్చటనే రాలే."

"సగం సదువు సదివి సలహాలిచ్చుడు. అసుంటోళ్ల పట్టా గుంజాలె. సంఘంల పేరు చెప్పు నాయినా. ఆళ్ల తప్పుకు నీ పెద్దరికం ఎందుకు పోవాలె?"

"చెప్ప. నా బుర్రల పుట్టిందనే చెప్పిన. ఇయ్యాల గూడ గదే చెప్త."

"గంత ప్రేమేంది ఆ డాక్టరంటె? నువ్వు చెప్పకుంటె నేనే పశువుల దవాఖానకు పోయి అడుగుత."

"పోకు. ఆడ దొరకరు."

"మరెక్కడ దొరుకుతరు?"

"పోయిన దసరా సెలవులకొచ్చి, మనింట్ల నాటుకోడి తినుకుంట చెప్పింది. పట్టా ఏడున్నది బిడ్డా గుంజనీకె? ఇంకా సదువుతనే ఉన్నది."