మెషీనుకు నేర్పని ఏడుపు

రాత్రి భోజనాలయ్యాక ఆమె గిన్నెలు కడుగుతోంది. భర్త పక్కనే నిలబడి తుడిచి పెడుతున్నాడు.

"నీ గొడుగు బస్సులో మర్చిపోయానోయ్."

"పర్వాలేదండీ. మీ ఇబ్బంది నాకు అర్థమైంది."

"ఇదిగో, ఆ కాల్ సెంటర్ గొంతు ఇంట్లో వద్దన్నానా? హాయిగా నాలుగు తిట్టు."

"ఏం చెయ్యను? గొంతు కాస్త మారితే చాలు, కంప్యూటర్ ఎర్ర లైటు వేసి మార్కులు కోస్తుంది. రోజంతా దానికి భయపడి ఇలా తయారయ్యాను."

"ఇవాళ పడిందా లైటు?"

"పడింది. ఒక పెద్దాయన కాల్ చేశారు. చనిపోయిన భార్య ఫోన్ నంబరు తీసేయమన్నారు. 'ఇక ఆ నంబరుకు చేస్తే వేరే ఎవరైనా ఎత్తుతారా అమ్మా?' అని అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు."

"అయ్యో! మీ మేనేజరు కేకలేసిందా?"

"లేదు. ఆ కాల్ మొదటి నుంచి చివరిదాకా వింది. 'మెషీను మన కాల్స్ వినే కదా నేర్చుకునేది. దీన్ని తప్పని నేర్పనా, ఒప్పని నేర్పనా, నువ్వే చెప్పు' అంది."

"ఒప్పనే అనుంటావు."

"అనలేదు. ఒప్పంటే రేపట్నుంచి ఏడవని వాళ్ళకి మార్కులు కోస్తుంది. అందరం ఏడుపు నటించాలి."

"మరేం చెప్పావు?"

"ఆ కాల్ దానికి అసలు వినిపించొద్దన్నాను. అది ఆయనా నేనూ మాట్లాడుకున్న మాట."

"ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది. కానీ నా పేరు మీద పడిన తప్పు మాత్రం తీసేయడం కుదరదంది."

"నువ్వేమన్నావు?"

"ఉండనివ్వండి అన్నాను."