చూసొచ్చినవాళ్ళు

ఆపరేషన్ గది బయట, మందుల తనిఖీ అధికారిణి ఫోన్లో మాట్లాడుతోంది. అవతల పక్క దేశంలో అదే ఉద్యోగం చేస్తున్నవాడు. ఒకే శిక్షణలో కలిసినప్పటి నుంచీ ఆమెను అక్కా అనే పిలుస్తాడు. గది తలుపు దగ్గర మత్తు డాక్టరు ఆమె మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

“అది కాదు తమ్ముడూ. నేనడిగేది ఒకటి, నువ్వు చెప్పేది ఒకటి.”

“అక్కా, మొన్నటి మీటింగులో కూడా...”

“మీటింగు సంగతి వద్దు. ఆ మత్తు ఇంజెక్షన్ ఫ్యాక్టరీలో మీరేం చూశారు? అది చెప్పు.”

“అంతా బాగానే ఉందనేగా సంతకం పెట్టాం.”

“బాగానే ఉంటే, నిన్న కడుపు కోస్తుండగా మనిషెందుకు కేక పెట్టాడు? నడుముకిచ్చిన మత్తు సగంలోనే దిగిపోయింది. అంతకు ముందు ఇంకొకాయనకీ ఇదే.”

“అయ్యో! ఒక్కోసారి సూది సరిగ్గా పడదక్కా.”

“ఇద్దరికీనా?”

“మేడమ్! ముసలావిడని బల్ల మీద పడుకోబెట్టేశాం. పేగు మెలిపడింది. ఆలస్యమైతే కుళ్ళిపోతుంది. ఈ మందు వాడమంటారా, వద్దంటారా?”

“వేరే కంపెనీది లేదా డాక్టరుగారూ?”

“ఎక్కడిది? రెండు దేశాలూ కలిసి కొంటే చవకన్నారుగా. స్టోరంతా ఇదే. పోనీ పూర్తి మత్తిద్దామంటే ఆవిడ గుండె తట్టుకోదు.”

“ఒక్క నిమిషం.”

“ఇప్పటికి మూడు ఒక్క నిమిషాలయ్యాయి మేడమ్.”

“విన్నావా తమ్ముడూ?”

“విన్నాను.”

“మీ రిపోర్టు తియ్యి. మందు కలిపే గది ఎలా ఉందో చదువు.”

“అది... మా పెద్దాయన దగ్గరుందక్కా.”

“ఆయన రిటైరయ్యాడని నువ్వే చెప్పావు.”

“అదే, బీరువా తాళం ఆయన దగ్గరే...”

“నీళ్ళు నమలకు. మన ఒప్పందం ఏమిటి? ఒకళ్ళు వెళ్ళి చూస్తే రెండోవాళ్ళు నమ్మాలి. అంతేనా?”

“అంతే.”

“అయితే వెళ్ళిన మనిషి పేరు చెప్పు. రిపోర్టొద్దు, ఏమీ వద్దు. నేనే మాట్లాడతాను.”

“అక్కా, ఎందుకిలా పీక మీద కూర్చుంటారు?”

“పేరు.”

“నా ఉద్యోగం పోతుందక్కా.”

“లోపల ప్రాణం పోతుంది. చెప్పు.”

“వెళ్ళలేదు.”

“ఏంటీ?”

“వెళ్ళలేదక్కా. మావాళ్ళెవరూ ఆ గేటు కూడా దాటలేదు.”

“వెళ్ళకుండానే సంతకం పెట్టారా?”

“పెట్టామక్కా. తిట్టండి పోనీ.”

“తిట్టడం తర్వాత.”

“అయినా మీరెందుకు ఇంత కంగారు పడుతున్నారు? మేం వెళ్ళకపోతేనేం, మీరు వెళ్ళారుగా! కంపెనీవాళ్ళు అప్పుడే చెప్పారు. మీరే స్వయంగా వచ్చి మూలమూలా తిరిగి చూశారట, టోపీ పెట్టుకోలేదని వాళ్ళ మేనేజరునే బయటికి పంపించారట. అక్క చూశాక ఇంక మనం చూసేదేముందని నవ్వుకుని సంతకం పెట్టేశాం.”

“నేనా?”

“మేడమ్, ఏమన్నారు వాళ్ళు? సీసా తెరవమంటారా?”

“తెరవమనండక్కా! మీరు చూసిన ఫ్యాక్టరీయేగా, ధైర్యంగా చెప్పండి.”

“వద్దు డాక్టరుగారూ. ఆ మందు ఎవరికీ ఎక్కించొద్దు.”

“మరి ఆవిడ?”

“అక్కా, అదేంటి? ఎందుకొద్దన్నారు?”

“టోపీ పెట్టుకోని మేనేజరుని బయటికి పంపించింది మీ మనిషేనని కంపెనీవాళ్ళు మాకు చెప్పారు, తమ్ముడూ.”