నేత్ర ఆటను నేను ఆపిన రోజు

ఈ సభకు పెద్దగా కూర్చున్న పంచాయితీ అధ్యక్షులు నరసింహప్ప గారికి, మా అమ్మాయికి కంప్యూటరు విద్య నేర్పిన పురుషోత్తమ్ మేష్ట్రు గారికి, మల్బరీ ఆకు కోసే పని మానుకుని బట్లహళ్ళి డైరీ హాలుకు వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఈ ముత్యాలప్ప రెండు చేతులా నమస్కారాలు. శాలువా మా నేత్రకు కప్పి, మైకు మాత్రం ఏడో క్లాసు దాటని నాకిచ్చారు. సీనప్పా, అప్పుడే నవ్వొద్దప్పా, నేనింకా మొదలుపెట్టలేదు. (నవ్వులు)

మా అమ్మాయి పైథాన్ అనే భాషలో ఫోనుకు ఒక ఆట రాసి, చిక్కబళ్ళాపురంలో కాలేజీల పోటీలో మొదటి బహుమతి తెచ్చింది. ఒక పట్టుపురుగు, పైనుంచి రాలే ఆకులు. పురుగును జరిపి మేపాలి, అంతే. మొదట్లో ఆట తెరిస్తే చాలు, ఆకులు రాలిపోయేవి. నేను కళ్ళద్దాలు వెతుక్కునేలోపు పురుగు ఆకలికి చచ్చేది. "ముప్పై ఏండ్లుగా పురుగులు మేపుతాండావు, ఒక్కదాన్ని బతికించలేవా?" అని నా భార్య లక్ష్మీనరసమ్మ ఎగతాళి. నా కోసమే నేత్ర మెనూ పెట్టింది: మొదలుపెట్టు, ఆపు, మళ్ళీ ఆడు. పురుగు కప్పలా ఎగురుతుంటే, "అట్ల పోదమ్మా" అని చాప మీద పడుకుని పాకి చూపించాను. నన్ను చూసి పన్నెండు బొమ్మలు గీసి, వరసగా ఆడించింది. ఆ పురుగు నడుము ఎత్తే తీరు నాదేనట! (నవ్వులు)

ఇక సిగ్గు విడిచి చెప్తాను. పట్టుపురుగులు పెంచే పురుగులింట్లో పనికి మనిషి లేడని నేత్రను ఒక ఏడాది కాలేజీ మానిపించినవాణ్ణి నేనే. మేష్ట్రు మూడుసార్లు ఇంటికొచ్చి అడిగితే మళ్ళీ పంపాను, అదీ ఈ పోటీలో ఏమీ రాకపోతే చదువు చాలు అనే షరతు మీద.

ఆట పంపడానికి ఆఖరి రోజు. "ఆడి చూడప్పా, యాడ తప్పుంటే చెప్పు" అని ఫోను నాకిచ్చి కాలేజీకి పోయింది. ఆడుతుండగా పురుగు తల ఎత్తుకుని, ఆకు ముట్టకుండా ఆగిపోయింది. పొర విడిచే ముందు పురుగు ఒక పగలూ రాత్రీ అట్లాగే ఉంటుంది. దాన్ని మేము జ్వరం అంటాం, అప్పుడు కదిలించకూడదు. బిడ్డ జ్వరం కూడా పెట్టిందే అని పొంగిపోయి, ఫోనును పురుగులింట్లో తట్టలో పెట్టి, కాగితం కప్పి, గడపలో కాపలా కూర్చున్నాను.

నాలుగింటికి పరుగెత్తుకొచ్చింది. "ఫోను యాడప్పా? ఆట ఆడే తీరు వీడియో తీసి ఐదింటికల్లా పంపాల."

"మెల్లగా మాట్లాడమ్మా. పురుగు జ్వరానికి పోయుండాది. రేపు పొద్దున లేస్తాది."

"అయ్యో అప్పా! నీ వేలు తగిలి ఆట ఆగిపోయుండాది!"

ఆమె ‘మళ్ళీ ఆడు’ నొక్కగానే పురుగు తల ఆడించి ఆకు తినసాగింది. "ఒక ఏడాది ఆపితివి, చాలదా అప్పా?" అంది. నవ్వుతూనే అంది. కొంచెం నీళ్ళివ్వండప్పా.

ఐదుకు పది నిమిషాల ముందు ఆట వెళ్ళింది. తర్వాత మెనూలో ఇంకొకటి చేర్చింది. ఇప్పుడు ఆపు నొక్కితే, "నిజంగానే ఆపాలా అప్పా?" అని అడుగుతుంది. కింద రెండే మాటలు: అవును, వద్దు.

అమ్మాయి ఇంకా పై చదువు చదువుతానంటోంది. మేష్ట్రు గారూ, మీకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. నేత్రా, ‘నిజంగానే ఆపాలా అప్పా?’ అని నీ ఆట అడిగేదానికి ఇంతమంది ముందర నా జవాబు వినమ్మా: వద్దు. వద్దు. వద్దు. సెలవు.