ఎర్ర మూత వైపే పైన

నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని నేను చెప్పుకుంటే దాన్ని గొప్పలంటారేమిటి సార్? అక్షరం బాగుంటే పెట్టె వెతుక్కునేవాడికి కళ్లు నొప్పెట్టవు. పరోపకారం అది! మీ గుమాస్తా గారు మాత్రం “డబ్బా కొట్టుకోకయ్యా, పోయి డబ్బాల మీద రాసుకో” అంటాడు.

అది సరే గానీ, ఆ పెన్నుకి ఒక్క నిమిషం మూత పెట్టండి. పొద్దున ఇంటర్వ్యూకొచ్చిన అమ్మాయికి సీటు లేదని రాసిన ఉత్తరమేగా అది? సంతకం ఎక్కడికీ పోదు. నాకు మాత్రం ఇంత ధైర్యం మళ్లీ రాదు.

కూర్చోమంటారా? వద్దులెండి. నిలబడితే పారిపోవడానికి వీలుగా ఉంటుంది.

నేను ఏడో తరగతి దాకా వెలగబెట్టిన సంగతి మీకు తెలిసిందే. మిగతా భూగర్భశాస్త్రమంతా మీరు చించి పారేసిన కాగితాల్లోంచి నేర్చుకున్నాను. అందుకే మీ శాస్త్రంలో తప్పులన్నీ నాకు బాగా వచ్చు, ఒప్పులే రావు.

అయినా కింద ఆ చలిగదికి ఇరవై రెండేళ్లుగా దిక్కు నేనే. ఉత్తర ధ్రువప్రాంతపు సరస్సుల అడుగునుంచి మీరు గొట్టాల్లో పట్టుకొచ్చిన బురదంతా నా చేతుల మీదుగానే అరలెక్కింది. “బురద కోసం అంత దూరం వెళ్లాలా? మన వీధిలో లేదూ?” అంటుంది మా ఆవిడ. ఆవిడకేం తెలుసు, మనది చదువుకున్న బురద!

పొద్దున ఆ పెద్ద గొట్టాన్ని బల్ల మీద పెట్టింది నేనే కదా. ఏటా అదే తంతు. ధ్రువప్రాంతపు పరిశోధనకి ఏడాదికి ఒక్కటే సీటు. వచ్చినవాళ్ల ముందు మీకు పేరు తెచ్చిన ఆ గొట్టం పెట్టి “ఏం కనిపిస్తోంది?” అంటారు. వాళ్లు మీ పుస్తకం బట్టీపట్టి అప్పజెప్తారు: “లోకంలో సరస్సులన్నీ వేడెక్కుతుంటే ఈ సరస్సొక్కటే చల్లబడింది” అని. మీరు తలూపుతారు. నేను మంచినీళ్లిస్తాను.

ఈ అమ్మాయి ఏం చేసింది? బల్ల మీదకి వంగింది. భూతద్దం తీసింది. “సార్, ఇది తలకిందులుగా ఉందండీ” అంది.

అబ్బ, మీరు చూసిన ఆ చూపు! నా చలిగదిలో కూడా అంత చలి ఉండదు సార్.

పాపం, విడమరిచి చెప్పింది కూడా. గ్లాసుడు నీళ్లలో ఇసుకా మట్టీ వేసి కలిపితే ముందు ఇసుక దిగుతుంది, దాని మీద మట్టి కూర్చుంటుంది. మరి ఈ గొట్టంలో ప్రతి పొరలోనూ మట్టి నెత్తిన ఇసుక ఎక్కి కూర్చుందేం, అని. “అవి తిరుగుడు ప్రవాహాలమ్మా, నా పుస్తకంలో మూడో అధ్యాయం చూడలేదా?” అన్నారు మీరు. అందరూ నవ్వారు.

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

తర్వాత ఆ అమ్మాయి, ఇంటర్వ్యూకి ముందు చలిగది చూడ్డానికి నేనిచ్చిన కోటు తిరిగివ్వడానికి కిందకొచ్చింది. “బాబాయ్ గారూ, నేను కంగారులో తప్పు చూశానంటారా?” అంది. “కంగారే అయ్యుంటుందమ్మా” అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోటికి! కోటు మడతపెట్టి నా చేతిలో పెట్టింది. “సీటు పోతే పోయింది. ఆ గొట్టాన్ని ఒక్కసారి తిప్పి చూడమని సార్‌కి చెప్పండి” అంది.

తనకోసం ఏమీ అడగలేదు సార్. బురద కోసం అడిగింది.

సరే, వినండి. పదిహేడేళ్ల కిందట ఆ గొట్టం ఉన్న పెట్టె వచ్చింది. విప్పేసరికి మంచు కరిగి లోపలంతా తడి. గొట్టం మీద మీరు గీసిన బాణం చెరిగిపోయింది. మూతలు రెండూ ఊడిపోయి అడుగున దొర్లుతున్నాయి. పైవైపుకి ఎర్రది, కిందవైపుకి నల్లది. అది మీరు నేర్పిందే. కానీ పైవైపు ఏది? అటు చూశాను, ఇటు చూశాను. రెండు కొసల్లోనూ బురద బురదలాగే ఉంది. చేతికి దగ్గరగా ఉన్న కొసకి ఎర్రది బిగించేశాను.

ఆ వారమే మీరు మంచులోంచి ఫోన్ చేశారు. ఒకటే గాలి హోరు. “పెట్టె తడిసొచ్చిందట, గొట్టానికి ఏ వైపు పైనయ్యా?” అని అరిచారు. “ఎర్ర మూత వైపే పైన సార్!” అని నేనూ అరిచాను. అబద్ధమేం కాదే! ఆ మూత పెట్టిందెవరని మీరడగలేదు, నేను చెప్పలేదు. “శభాష్, నీలాంటివాడు ఒక్కడుంటే చాలు” అన్నారు. ఆ శభాష్ తిని పదిహేడేళ్లు బతికాను.

తలకిందులుగా తపస్సు చేసినా డాక్టరేటు రాదంటారు. మన దగ్గర ఆ గొట్టం మీద పరిశోధించిన ఇద్దరికి తపస్సు లేకుండానే వచ్చేసింది. తలకిందులయ్యే పనేదో గొట్టమే చూసుకుంది.

నవ్వు రాలేదా? నాకూ రావడం లేదు.

ఉన్నవి రెండే కొసలు, సగానికి సగం అది ఒప్పే అయ్యుంటుందని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. ఇందాక నేను నీళ్లు తాగే గ్లాసులో ఇసుకా మట్టీ వేసి కలిపాను సార్. ముందు ఇసుకే దిగింది. మూడుసార్లు కలిపాను. మూడుసార్లూ ఇసుకే దిగింది.

తిట్టండి. ఉద్యోగం తీసేస్తానంటే తీసేయండి. అలా కిటికీలోంచి చూడకండి, భయమేస్తోంది. ఆ అమ్మాయి ఇంకా ఎదురుగా బస్టాపులోనే ఉంది, అక్కణ్నుంచి మీకూ కనిపిస్తుంది. ఎర్ర సంచీ... ఆ, ఆ పిల్లే.

ఏమన్నారు? పిలుచుకు రానా? నిజంగానా? ఆ ఉత్తరం... చించేశారు! ఉండండి, ఇప్పుడే పరిగెత్తుతాను. బస్సొచ్చినా అడ్డం పడతాను.

ఏమిటి సార్? మిగతా గొట్టాలా? ఆ నలభైకీ మూతలు సరిగ్గానే ఉన్నాయా అనా? ఆహా, అందులో అనుమానమేముంది! నూటికి నూరు పాళ్లూ...

చూశారా. మళ్లీ నోటికి వచ్చేసింది.

‘తెలీదు’ అనడం నాకింకా రాలేదు సార్.